వంత ఒక్కటే మిగిలిన పాట

ఇదివరకు ప్రతి శుక్రవారం, సెలవునాడు పొద్దున్నే దుప్పట్లు ఉతుక్కునేవారు. రాజ్యం జాడించి ఒక కొస పట్టుకుంటే, మొగుడు వెంకట్రావు రెండో కొస పట్టేవాడు. ఆయన అటు మెలిపెడుతూ చరణం ఎత్తుకుంటే, ఆమె ఇటు మెలిపెడుతూ వంత అందుకునేది.

"రేవు కాడ గాలి రేగిందే..."

అంతే ఆమె పాడేది. చరణాలన్నీ ఆయనవే. కోనసీమలో నాట్లప్పుడు వాళ్ళమ్మ పాడిన పాటట. షార్జా గ్యారేజీల నడుమ ఇరుకు గదిలో, నీళ్లు కారుతుంటే అది సాగేది.

కరోనా రెండో ఏడు ఆయన పోయాడు. తర్వాత సెలవు కూడా ఆదివారానికి మారింది. ఇప్పుడు రాజ్యం దుప్పటి ఒక కొస కుళాయికి చుట్టి, ఒక్కతే పిండుకుంటుంది. నోరు మెదపదు.

కూతురు పద్మజ దుబాయ్ డేరా బజారులో బట్టల కొట్లో పనిచేస్తూ, తెలుగువాళ్ల సభల్లో పాడుతుంది. ఈమధ్య నాన్న పాటకి డీజే దరువు కట్టించి పాడింది. ఎవరి ఫోన్లో చూసినా అదే. అది విన్న రోజు రాజ్యం కూతురికి అన్నం పెట్టింది గాని, పలకరించలేదు.

మొన్న ఆదివారం, వెంకట్రావుతో గ్యారేజీలో చేసిన ప్రభుదాస్ చర్చి నుంచి ఇటే వచ్చాడు. టీ తాగుతూ పద్మజని కదిపాడు.

"నువ్వు పాడింది జానపదం కాదే పాపా. సినిమా పాటకి గోచీ కట్టావు."

"జనం పాడుకుంటున్నారుగా బాబాయ్. జనం పాట కాకపోతే మరేంటి?"

"గెంతుతున్నారు. మీ నాన్న పాటలో కథుంది. నువ్వు వంత ఒక్కటే పదిసార్లు అరిచి ఖలాస్ అన్నావు."

"అయితే చరణం చెప్పండి. ఉత్త డప్పు మీదే పాడతాను."

ప్రభుదాస్ గ్లాసు కింద పెట్టాడు. "నేనూ వంతగాణ్ణేగదమ్మా. మీ అమ్మనడుగు. ఏళ్ల తరబడి విన్నది."

పద్మజ ఫోన్లో రికార్డు నొక్కి దగ్గరకు జరిపింది. "మొదటి చరణం చాలమ్మా."

రాజ్యం నోరు తెరిచింది. వంతే వచ్చింది. చరణంలో పడవ ఉందని తెలుసు, తమ్ముడి కోసం చూసే అక్క ఉందని తెలుసు. మాటలే లేవు. వంత పట్టేవాళ్లు చరణం వినరు. తమ వంతు ఎప్పుడొస్తుందా అని ఊపిరి బిగబట్టుకుని ఉంటారు. ఆయన గొంతు ఎక్కడ ఆగేదో ఆమెకి తెలుసు, ఏమని ఆగేదో తెలీదు.

కూతురి దగ్గరున్నదీ తన దగ్గరున్నదీ ఒకటే. ఆయన్ని ఇంకోసారి మట్టి చేసినట్టయింది.

"పోనీలే అమ్మా," అని పద్మజ ఫోను కట్టేసింది.

ప్రభుదాస్ చల్లారిన టీ వదిలేసి వెళ్లిపోయాడు. తొట్లో దుప్పటి నానుతోంది. పద్మజ చొక్కా చేతులు పైకి మడిచింది. "రా, రెండో కొస నేను పడతా."

"వద్దు."

"సాయంత్రానికి కంపు కొడుతుంది."

"కొట్టనీ," అని రాజ్యం గోడవైపు తిరిగి పడుకుంది.