కదలని రైళ్లు

మచిలీపట్నం పాసింజరులో నా ఎదురు సీటులో ఒక పెద్దాయన చెప్పుల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. డబ్బాలో అగ్గిపుల్లంత సిగ్నల్ స్తంభాలు, సన్నటి వైర్లు ఉన్నాయి. నేను చూస్తున్నానని గమనించి, ఒకదానికి బ్యాటరీ తగిలించి ఎర్ర దీపం వెలిగించాడు.

"బొమ్మ రైళ్లకండీ. మేడ మీద గదంతా పట్టాలే. మన బెజవాడ స్టేషనూ, కృష్ణ మీద వంతెనా అన్నీ నా చేత్తో కట్టినవే. ఇది రెండోసారి లెండి. మొదటిది తొమ్మిదేళ్లు కట్టాను. గుండె ఆపరేషనై నేను ఆస్పత్రిలో ఉంటే, గది కావాలని మా అన్నయ్య మొత్తం పీకించి పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు."

ఆయన వేరుపడి, మళ్లీ కట్టడానికి ఆరేళ్లు పట్టిందట. రైళ్లు తిరుగుతున్నాయని తెలిసి పోయినవారం అన్నగారు చూడటానికి వచ్చాడట.

"కుర్చీ వేశాను. కాఫీ ఇచ్చాను. స్విచ్ మాత్రం వెయ్యలేదండీ. కదలని రైళ్ల ముందు గంటసేపు కూర్చుని వెళ్లిపోయాడు."

అది చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో ఎంత తృప్తో!

"తప్పయిందని ఒక్క మాట అనుంటే వేసేవారేమోనండీ," అన్నాను.

"అన్నాడండీ. ఏడ్చాడు కూడా," అన్నాడాయన, డబ్బాకు మూత పెడుతూ.

గుడివాడలో దిగిపోయాడు. ఆ సాయంత్రం, రెండేళ్లుగా నేను మాట మానేసిన మా చెల్లెలికి ఫోన్ చేశాను. చివరిదాకా మోగింది. తను ఎత్తలేదు.