హాజరు పుస్తకంలో కిలోమీటర్లు

డ్రైవింగ్ మాస్టారి కారులో కిలోమీటర్ల మీటరు ఆగిపోయి ఆరేళ్లయింది. రోజూ అవే ఐదు వీధులు తిరిగేదానికి లెక్కెందుకని ఆయన పట్టించుకోలేదు. అందుకే మెకానిక్ బానెట్ ఎత్తి, "టైమింగ్ బెల్టు మార్చాక ఎన్ని కిలోమీటర్లు తిరిగింది మాస్టారూ?" అనగానే మాట దాటేశారు.

"బాగానే తిరుగుతోందిగా!"

"తెగేదాకా బాగానే తిరుగుతుంది. తెగిందంటే లోపల వాల్వులు వంగిపోతాయి, ఇంజిన్ మీద ఆశ వదులుకోవాలి. కొత్తది తెప్పించి బిగించడానికి మూడు రోజులు పడుతుంది."

మూడు రోజులు! ఎల్లుండే ఆయన దగ్గర నేర్చుకుంటున్న టైలరమ్మకు లైసెన్సు పరీక్ష. రెండుసార్లు తప్పిన మనిషి. ఈ కారు క్లచ్చుకు తప్ప మరో క్లచ్చుకు ఆమె కాలు అలవాటు పడలేదు. వాయిదా అంటే స్టీరింగే వదిలేస్తుందేమో. పోనీ అని ఈ కారే ఇస్తే, పరీక్ష మధ్యలో బెల్టు తెగితే? ఇన్నేళ్లు ఇల్లు నడిపిన కారు.

ఇంటికొచ్చి, బెల్టు వేయించిన నాటి నుంచి ఉన్న హాజరు పుస్తకాలన్నీ ముందేసుకున్నారు. ఒక్కో పాఠానికి ఎనిమిది కిలోమీటర్లు. టిక్కులు కూడుతుంటే భార్య తొంగి చూసింది.

"ఇన్నాళ్లకు హోంవర్కు మొదలెట్టారా?"

ఆయన నవ్వలేకపోయారు. బెల్టు గడువు దాటి ఏడువేల కిలోమీటర్లయింది.

మర్నాడు టైలరమ్మ కొట్టుకు వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఆమె కుట్టుమిషను ఆపింది.

"నా మిషను బెల్టు తెగేదాకా నేనెప్పుడైనా ఊరుకుంటానా మాస్టారూ? పీచు లేవగానే మార్చేస్తా. బడి యూనిఫారాలు సగంలో ఆగితే తిట్లు ఎవరు తింటారు?"

"మరి పరీక్షమ్మా?"

"రెండుసార్లు తప్పినదాన్ని, ఇంకో వారం ఆగలేనా? కానీ ఆ మీటరు కూడా బాగుచేయించండి. అద్దం చూడలేదని నన్ను చీవాట్లు పెడతారే, మీరేం చూసుకున్నారంట?"

మాస్టారు అటునుంచటే కారును మెకానిక్ దగ్గరికి తోలి, బెల్టుతో పాటు మీటరూ బాగుచేయమన్నారు.

మరుసటి వారం ఆమె పక్కన పరీక్షాధికారి కూర్చున్నాడు, మాస్టారు బయట బెంచీ మీద. కారు మలుపు తిరిగినప్పుడల్లా అక్కడ లేని బ్రేకును ఆయన కాలు నేలకేసి నొక్కుతూనే ఉంది. చివరికి కారు గీతల మధ్య చక్కగా ఆగింది. టైలరమ్మ మొహం చూశాక ఫలితం అడగక్కర్లేకపోయింది.

మెకానిక్ ఇచ్చిన పాత బెల్టు డిక్కీలో ఉంది. ఆమె దాన్ని వంచి, వెలుతురుకు పట్టి చూసింది.

"సన్న పగుళ్లున్నాయి గానీ, ఇంకొన్నాళ్లు ఆడేదేమో మాస్టారూ."

"ఆడేదేమో," అన్నారాయన. ఇక ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. అలా తెలియకుండా పోవడమే ఆయనకు హాయిగా ఉంది.

"పోనీయమ్మా ఇంటికి," అంటూ పక్క సీట్లో కూర్చుని, నేర్పేవాళ్ల కోసం అక్కడ అమర్చిన బ్రేకుకు దూరంగా కాళ్లు రెండూ ముడుచుకున్నారు. మీటరులో అంకె ఒకటి మెల్లగా దొర్లింది.