బొట్టు పెట్టిన అతుకు

మా మేనమామ సోమవారం తెల్లవారుజామున నిద్రలోనే చనిపోయారు. వనపర్తి దగ్గరి ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో ఆయన చాలాకాలం బాయిలర్ నడిపారు. ఇల్లు మిల్లు పక్కనే. అన్నం ముందు కూర్చున్నా చెవి అటే ఉండేది. "అది ఉడుకుత లేదు, ఏడుస్తుంది" అంటూ సగంలో లేచిపోయేవారు. "బాయిలర్ అలిగితే బతిమాలొద్దు, చల్లారవెట్టాలె" అనేవారు.

ఒక యాసంగి పంటప్పుడు ఆ మాట పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆవిరి పైపు కారింది. మార్చాలంటే మంట ఆర్పాలి. తొట్లలో వడ్లు నానుతున్నాయి. ఆవిరి పట్టకపోతే పులిసిపోతాయి. మామ ఇనుప పట్టీ బిగించి అతుకు వేశారు. ఆ పూటకు అది సరైన పనే. తొట్లు ఖాళీ అయ్యాక పైపు మార్చాల్సింది.

మార్చకుండానే దసరా వచ్చింది. బాయిలర్‌ను కడిగి పసుపు కుంకుమ పెడుతూ, మామ ఆ అతుకుకూ బొట్టు పెట్టారు. కొబ్బరికాయ కొట్టాక యజమాని నవ్వాడు.

"మొక్కినదాన్ని ఎట్ల పీకుతవే అన్నా? ఈ పంట గూడ దీనితోనే పోనీ."

మామ కూడా నవ్వారు. పీకలేదు.

వానాకాలం వడ్లు మిల్లుకు వచ్చాక అతుకు ఊడింది. గంపతో పక్క నుంచి వెళ్తున్న కూలి మనిషికి కుడిచేయి మోచేతి దాకా కాలింది. ఆమెది మా వాడకట్టే. మామే దవాఖానకు తీసుకెళ్లారు. పైపు మార్చారు. మామను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆయనకు అదే భరించరానిదైంది.

ఆ తర్వాత ఏ దసరాకూ ఆయన, బంగారమని ఇచ్చిపుచ్చుకునే జమ్మి ఆకు పట్టుకొని ఎవరి గడపా తొక్కలేదు. ఆమే వచ్చేది.

"ఏందన్నా, గోడకు ఇస్తున్ననా బంగారం? ఇటు జూడు."

మామ తల వంచుకొనే చేయి చాపేవారు. ఆకు తీసుకునేవారు, ఆమె చేతిని చూసేవారు కాదు. ఒక్కసారి నాతో అన్నారు: "పైపుది తప్పు గాదు. బొట్టు వెట్టింది నేను."

చనిపోయినవారి మనసులో ఏదైనా మిగిలిపోతే, మూడోనాడు పెట్టిన అన్నం కాకి ముట్టదని మా దగ్గర నమ్మకం. నిన్న సాయంత్రం ఆమె వచ్చి మా అత్త పక్కన కూర్చుంది.

"పిట్టకు ఎప్పుడు వెడ్తరు వదినా?"

"బుధారం పొద్దుగాల."

"కాకి ముట్టకుంటే పరేషాన్ గాకుండ్రి. నన్ను పిలువుండ్రి, నేను చెప్త."

"ఏం జెప్తవ్?"

ఆమె కొంగు కింది నుంచి కుడిచేయి బయటికి తీసింది.

"ఎప్పుడో మానిందని."

రేపు పొద్దున ఊరి బయట విస్తరి వేస్తాం. జొన్నరొట్టె, పచ్చిపులుసు. పెట్టేది ఆయన కొడుకు. పిలవకముందే వస్తానని ఆమె అంది.