బాపు కాపలా కాసిన ఓవెన్

నా పేరు ముందు డాక్టర్ అని చూసి ఎవరైనా అభినందిస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అణు వ్యర్థాల్లో ఒక రకం అయోడిన్ ఉంటుంది. వేడి తగిలితే ఆవిరైపోతుంది, దాని విషం మాత్రం కోట్ల ఏళ్ళు ఉంటుంది. దాన్ని పింగాణీ బిళ్ళల్లో బంధించడం నా పరిశోధన. సూరత్‌లో మా కాలేజీలో అసలు సరుకు ముట్టుకోనివ్వరు. మేం వాడేది రేడియేషన్ లేని మామూలు అయోడిన్, గాయాలకు పూసే మందులో ఉండేదే. రెండూ ఒకేలా ప్రవర్తిస్తాయి కనుక అంతటా అలాగే చేస్తారు. ఈ ముక్క నేను ఇంట్లో చెప్పలేదు. సలాబత్‌పురాలో పవర్‌లూమ్ నడిపే మా బాపు, "మా బిడ్డ రేడియేషన్‌ను ఖైదు చేస్తది" అని అందరికీ చెప్పుకుంటుంటే నాకు బాగుండేది.

లాక్‌డౌన్‌లో ల్యాబ్ మూసేశారు. అయోడిన్ బయటికి కారుతుందేమో చూడడానికి పెట్టిన బిళ్ళలు అప్పటికి ఏడు నెలలుగా ఓవెన్‌లో వేడినీళ్ళలో నానుతున్నాయి. వేడి ఆగితే పని మొదటికొస్తుంది. మా సారును అడిగి ఆ చిన్న ఓవెన్‌ను బిళ్ళలతో సహా అమ్రోలిలోని మా గదికి తెచ్చుకున్నాను. అమ్మ లేదు, ఇంట్లో మేమిద్దరమే. మగ్గాలు ఆగిపోవడంతో గల్లీలో సగం మంది రైలెక్కి సొంతూరికి వెళ్ళారు. బాపు తమ్ముడు, మా చిన్నాయన వాళ్ళతోనే వెళ్ళాడు. బాపు కూడా బట్టలు సర్దాడు.

"దీన్ని ఇడిచిపెట్టి ఎట్ల పోదాం బాపూ?" అన్నాను.

"ఇడిస్తే ఏమైతది?"

"మంచిది కాదు."

అంతకు మించి చెప్పలేదు. నడుస్తున్న మగ్గాన్ని, బదిలీ మనిషి వచ్చి చెయ్యి వేసేదాకా వదలకూడదన్నది బాపు పని చేసే పద్ధతి. బట్టలు తీసి మళ్ళీ దండెం మీద వేశాడు. ఒక పూట నేను, ఒక పూట ఆయన. కరెంటు పోతే తన దుప్పటి తెచ్చి ఓవెన్‌కు చుట్టేవాడు. "గిది నా రెండో బిడ్డ" అని నవ్వేవాడు.

క్వారంటైన్ అని ఊళ్ళో బడిలో ఉంచిన చిన్నాయనకు దమ్ము పెరిగి ఊపిరాడడం లేదని ఫోన్ వచ్చింది. "అన్నా, జర వచ్చిపోరాదే" అన్నాడు. మర్నాడే ఇంకో రైలుంది.

బాపు ఓవెన్ వంక చూశాడు. "నేను పోతే నీకు బదిలీ ఎవలు బిడ్డా? గల్లీల పసిపిల్లలున్నరు."

అప్పుడైనా చెప్పాల్సింది. స్విచ్ ఆపేసి, ఇది గాయాల మందు బాపూ, పద పోదాం అనాల్సింది. ఇంకో నాలుగు వారాలు చాలు, థీసిస్ అయిపోతుందని మనసులో అనుకున్నాను. బాపు ఆ రైలెక్కలేదు. చిన్నాయన నాలుగో రోజు చనిపోయాడు. దహనం బాపు ఫోన్‌లోనే చూశాడు.

ఫలితాలు బాగా వచ్చాయి. ఆ సంగతి చెప్పిన రోజు బాపు అడిగాడు.

"ఏం బయటికి రాలేదు గదా?"

"రాలేదు."

"తమ్ముడు పిలిస్తే పోకపోతిని. పాణం గుంజుతది బిడ్డా. గానీ నేను పోతే గీ పిల్లలేమైపోదురో. గది యాది చేసుకునే నిమ్మలంగ ఉంటున్న."

"అవును బాపూ" అన్నాను.