మొగులప్ప సీసం అచ్చులు

మా పక్కింటి మొగులప్పకు లోతున్న వస్తువు ఏది కనబడినా ఒకటే ప్రశ్న పుట్టేది: “దీంట్ల సీసం పోస్తే ఎట్లుంటది?”

తాండూరులో రాతి స్తంభాలకు గేట్లు బిగించే పని అతనిది. బండకు తొలిచిన రంధ్రంలో ఇనుప కొక్కెం నిలబెట్టి, చుట్టూ కరిగిన సీసం పోసేవాడు. అది చల్లారిందంటే కొక్కెం ఈ జన్మలో కదలదు. పాత గొట్టాల సీసాన్ని పెరట్లో కరిగించి, ఇటుకలుగా పోసి దాచుకునేవాడు. ఆ ఇటుకల అచ్చు దగ్గరే వచ్చింది తంటా. పదేళ్లలో ఏ అచ్చూ అతనికి ఎక్కువ కాలం నచ్చలేదు.

మొదటిది పది సేర్ల ఇనుప అచ్చు. ఏనుగులా ఉండేది. ఒకరోజు దాన్ని పక్కన పడేసి, బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చాడు. సీసం పోయగానే డబ్బా అతుకులు కరిగి రేకులు విడిపోయాయి. సీసం పెరడంతా పాకింది. అతని భార్య భీమమ్మ కోళ్లు మా గోడెక్కాయి.

“డబ్బా మోసం చేసింది సారూ!” అన్నాడు నాతో.

“డబ్బా బిస్కెట్లకు చేసిన్రు, నీకు కాదు!” అని లోపలినుంచి భీమమ్మ అరిచింది.

తరువాత కళాయి పూసిన ఇత్తడి గిన్నె. సీసం కళాయికి అతుక్కుపోయి, ఎంత బోర్లించి కొట్టినా రాలేదు.

“గీ గిన్నెల ఇంకేం వండాలె?” అంది భీమమ్మ.

“వండకు. దొంగలొచ్చినా ఎత్తుకపోలేరు, గది చూడు!”

ఆ గిన్నె అప్పటినుంచి తలుపు కొట్టుకోకుండా అడ్డంగా కూర్చుంది.

ఇక కమ్మరి పాండురంగం దగ్గరికి తిరగడం మొదలైంది. ఐదు సేర్ల అచ్చు చేయించాడు. మరుసటేడు దాన్ని కాదని రెండు సేర్లది అడిగాడు.

“దీనికేమైంది?” అన్నాడు పాండురంగం.

“మూలలు నచ్చలె.”

“మూలలు నచ్చకుంటే మూలలు మారుస్తరు గానీ, ఇటుకనే సగం చేస్తరా?”

మొగులప్ప సీసం సబ్బు లెక్క అరిగిపోతోందని బజారంతా నవ్వారు. చివరికి 1961లో ఏకంగా భీమమ్మ గుంత పొంగణాల పెంక మీదే పడ్డాడు. సీసం పొంగణాలు టపటపా రాలాయి.

“దాంట్ల ఇంక తిండి వండితే విషమే! కొత్త పెంక తెచ్చినంకనే ఇంట్లకు రా!” అంది భీమమ్మ. తెచ్చాకే వచ్చాడు.

ఆ నెలలోనే నాకు వికారాబాద్‌లో పని పడింది. అదే రైల్లో మొగులప్ప, పెద్దయ్య కూడా ఎక్కారు. మొగులప్పకు పని నేర్పిన గురువు పెద్దయ్య. డెబ్బై దాటినా పనికి పోయినప్పుడల్లా నాలుగు సీసం ఇటుకలు తన భుజం మీదే మోయాలి. అది ఆయన పట్టు. సంచి ఎవరైనా ముట్టుకుంటే కయ్యమే.

వికారాబాద్ స్టేషన్‌లో దిగాం. మొగులప్ప చాయ్‌కి పోయాడు. దారికి అడ్డంగా ఉందని అతని పనిముట్ల సంచి జరపబోయాను. కదలలేదు! తెరిచి చూస్తే సుత్తి, ఉలి కింద సంచి నిండా సీసం.

చాయ్‌తో వచ్చిన మొగులప్ప నన్ను పక్కకు లాగాడు.

“జర మెల్లగ సారూ! అప్పట్ల బంట్వారంల పది సేర్ల ఇటుకలు ఎత్తబోయి పెద్దయ్య కాక మోకాళ్ల మీద పడ్డడు. ఇంటికాడ కూసొమ్మంటె రెండు దినాలు బువ్వ ముట్టలె. గందుకే ఆయన సత్తువ ఎంత తగ్గితె అచ్చు గంత తగ్గిస్తున్న. ఆయనవి నాలుగంటె నాలుగే, ఇప్పుడైతె నాలుగు పొంగణాలు. మిగిలింది నేను మోస్త. ఆయనకు తెల్వనియ్యకు.”

చాయ్ తాగి గ్లాసులు ఇచ్చి రావడానికి అతను వెళ్లాడు.

అంతలో పెద్దయ్య అటూ ఇటూ చూశాడు. మొగులప్ప సంచిలో చెయ్యి పెట్టి, గుప్పెడు గుప్పెడుగా ఎనిమిది సీసం పొంగణాలు తీసి తన సంచిలో వేసుకున్నాడు. పైన తువ్వాలు కప్పి, నన్ను చూసి గతుక్కుమన్నాడు.

“చెప్పకు సారూ! పోరనికి నడుము నొప్పి. ఒక్కడే ఎంతని మోస్తడు?”

ఆ పోరనికి యాభై ఏళ్లు.

మొగులప్ప వచ్చి సంచి ఎత్తాడు. అతని ముఖం వెలిగిపోయింది.

“గీ చాయ్ మస్తుగున్నది సారూ! తాగంగనే సత్తువొచ్చింది!”

పెద్దయ్య అప్పటికే సంచి భుజాన వేసుకుని, దగ్గుతున్నట్టు నవ్వుకుంటూ గేటు దాటుతున్నాడు.