కుంకుమ బొట్టు పెట్టిన తూటాలు

మొన్న కార్తీక సోమవారానికి దీపపు కుందులు చింతపండుతో తోముతూ ఉంటే, ఇత్తడీ పులుపూ కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నా చెయ్యి ఆగిపోయింది. ఉన్నది ఇద్దరమే అయినా కుందులు మాత్రం పెళ్లింటికి సరిపడా ఉన్నాయని మావారు వెక్కిరిస్తూనే ఉంటారు, ఆ రోజూ ఏదో అన్నారు గానీ నాకు వినబడలేదు. హెచ్‌వన్ వీసా మీద అమెరికా వచ్చి ప్రతి కాగితానికీ భయపడుతూ బతికిన నా తోటివాళ్లకు చెబితే అర్థమవుతుంది, ఆ వాసనకి నాకు ఇప్పటికీ గుండె దడ వస్తుంది.

అప్పుడు మేము నోవై అనే ఊళ్లో కొత్తగా ఇల్లు కొనుక్కున్నాం. నేను కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో క్వాలిటీ విభాగంలో ఉండేదాన్ని, పొద్దస్తమానం కాలిపర్ పట్టుకుని ఇనుప ముక్కలు కొలవడమే పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా పక్కన పడెయ్యడం అలవాటైపోయి, ఇంట్లో పోసిన అట్టు కూడా నా కంటికి గుండ్రంగా ఉండేది కాదు. పక్కింట్లో భార్య పోయిన ఒక అమెరికన్ పెద్దాయన ఒక్కడే ఉండేవాడు. మంచు పడిన రోజు మేము లేచేసరికి మా వాకిట్లో మంచు కూడా ఎత్తిపోసి ఉండేవాడు. ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన మా అత్తగారు, ఇంగ్లీషు ఒక్క ముక్క రాకపోయినా, ఆయనకి గిన్నెతో పులిహోర పంపి స్నేహం చేసేసుకున్నారు.

ఆ పెద్దాయన దగ్గర వాళ్ల నాన్న వాడిన రైఫిల్ ఒకటి ఉండేది. దానికి సరిపడే పాతకాలపు తూటాలు దుకాణాల్లో దొరకడం ఎప్పుడో ఆగిపోయింది. ఏటా వాళ్ల నాన్న పుట్టినరోజు దగ్గరపడగానే ఊరి బయట స్నేహితుడి పొలానికి వెళ్లి దాన్ని ఒక్కసారి పేల్చి, తుడిచి, మళ్లీ దాచేవాడు, మనం తద్దినం పెట్టుకున్నట్టు. దాచుకున్న తూటాలు అయిపోయాక, చనిపోయిన తమ్ముడి సామానులో ఒక రేకు డబ్బా దొరికింది. అందులో రెండు రకాలు కలిసిపోయి ఉన్నాయి. తర్వాతి కాలంలో అచ్చం ఆ పాతవాటిలాంటివే వచ్చాయట, పొడవు మాత్రం ఒక బియ్యపు గింజ మందం తక్కువ. అవి ఆ రైఫిల్‌లో చక్కగా దూరతాయి, తూటా పెట్టే చోటి తలుపూ మూసుకుంటుంది, కానీ వాటిలోని మందు బలాన్ని ఆ పాత ఉక్కు తట్టుకోలేదు, పేలితే పేల్చినవాడి మొహం మీదే పేలుతుంది.

అడుగున చెక్కిన అక్షరాలు కొన్నింటికి ఉన్నాయి, కొన్నింటికి లేవు. ఉన్నవి చదువుదామంటే ఆయన కళ్లకు శుక్లాలు. ఇత్తడి నల్లబడ్డవి పాతవి, మెరిసేవి తర్వాతివి అని ఒక అంచనా వేసుకున్నాడు గానీ నమ్మకం చాలక, శనివారం పేల్చేముందు తన గరాజ్‌కి వచ్చి కొలిచిపెట్టమని నన్ను అడిగాడు. సరేనన్నాను, వాటిని మా ఇంటికి మాత్రం తేవద్దన్నాను. వీసా మీద ఉన్నవాళ్ల ఇంట్లో తుపాకీయే కాదు, తూటా కూడా ఉండకూడదని మా లాయర్ హెచ్చరించాడు, గ్రీన్‌కార్డ్ కాగితాలు అప్పుడే వేసి ఉన్నాం.

శుక్రవారం సాయంత్రం ఆఫీసులో అడిగి కాలిపర్ బ్యాగులో వేసుకుని ఇంటికొచ్చాను. మా అత్తగారు గుమ్మంలోనే ఎదురొచ్చి సంబరంగా చెప్పారు.

"పాపం ఆ ముసలాయన ఇత్తడి సామాను చూశావుటే అమ్మాయ్, కాకిలా నల్లబడిపోయి ఉంది! నిన్న గిన్నె తెచ్చుకోడానికి వెళ్తే బల్ల మీద కనబడింది. నేను తెచ్చి చింతపండూ ఉప్పూ పెట్టి తోమి, రాత్రంతా ఆ వేడిగాలి వచ్చే కంత దగ్గర ఆరబెట్టి, మధ్యాహ్నం ఇచ్చేశాను. బాగా మెరిసిన నాలుగింటికి బొట్టు కూడా పెట్టా. ఎంత సంతోషించాడనుకున్నావు!"

తను తోమింది తూటాలని ఆవిడకు తెలియనే తెలియదు. నల్లవీ లేవు, మెరిసేవీ లేవు, అన్నీ ఒకటే మెరుపు. వద్దన్న నేనే మనసు మార్చుకుని ఆ డబ్బా తెప్పించుకున్నాననీ, రాత్రి కొలిచి మంచివాటికి ఎర్ర గుర్తు పెట్టాననీ ఆయన అనుకున్నాడని నాకు వెంటనే తట్టింది. పరుగున వెళ్లి చూస్తే ఆయన ట్రక్ లేదు. ఫోన్ చేస్తే ఆయన వంటింటి కిటికీలోంచి అది మోగడం వినబడింది. శనివారం మంచు తుఫాను అని టీవీలో చెబుతున్నారు కాబట్టి ఒక రోజు ముందే పొలానికి వెళ్లిపోయాడన్నమాట.

"పోలీస్‌కి కాల్ చేద్దామా? రాత్రంతా మనింట్లో ఎందుకున్నాయని అడిగితే ఏం చెప్తావ్? గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది, కొంచెం ఆలోచించు," అన్నారు మావారు, మొహం పాలిపోయి. ఆయన తప్పేమీ లేదు, నాకూ అంతే భయం. కానీ ఆ పెద్దాయన మొహం కళ్ల ముందు కదిలింది. "పోతే పోనీ, నువ్వు కాల్ చెయ్యి, నేను డ్రైవ్ చేస్తాను," అని కారు తీశాను.

ఆ పొలానికి వేసవిలో మొక్కజొన్న కంకులకోసం ఒకసారి ఆయన వెంట వెళ్లాను కాబట్టి దారి తెలుసు. చీకటి పడుతోంది, సన్నగా మంచు మొదలైంది, ప్రతి మలుపులోనూ ఎక్కడ చప్పుడు వినబడుతుందోనని చెవులు రిక్కించుకుని నడిపాను. గేటు దాటగానే ఆయన వీపు కనబడింది, బల్ల ముందు కూర్చుని రైఫిల్ భుజానికి ఆనించుకుని ఉన్నాడు. హారన్ కొట్టాను, కదల్లేదు. చెవులకు శబ్దం వినపడని తొడుగులు పెట్టుకున్నాడు. దేవుడా అని హెడ్‌లైట్లు ఆర్పి వెలిగించి, ఆర్పి వెలిగించి, ఆ వెలుగు ఆయన భుజం మీదుగా ఎదురుగా గురికి నిలబెట్టిన చెక్క మీద పడేలా చేశాను. అప్పుడు వెనక్కి తిరిగాడు.

కారు దిగి చెయ్యి అడ్డంగా ఊపాను. ఆయన రైఫిల్ తలుపు తెరిచి లోపలున్న తూటా తీసి నా చేతిలో పెట్టాడు. కుంకుమ సగం చెరిగి ఆయన బొటనవేలికి అంటుకుంది. కారు బానెట్ మీద పెట్టి, కాలిపర్ బిగించి చూశాను. అది పొట్టిది. ఇంకోసారి కొలిచాను, పొట్టిదే.

ఆయన బల్ల మీద కూలబడ్డాడు. ఆ బొట్టు పెట్టింది నేను కాదు, మా అత్తగారని చెప్పాను. తర్వాత మెల్లగా, నీ గుర్తు కదమ్మా, ఇంక నేను చూసేదేముందనుకున్నాను, అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

మావారి ఫోన్ అందుకుని వచ్చిన పోలీసాయన మా ఇద్దరి మాటా విని, జాగ్రత్త చెప్పి వెళ్లిపోయాడు, వీసా ఊసే ఎత్తలేదు. బొట్లున్న మిగతా మూడింటిలో రెండు నిజంగా పాతవే. మర్నాడు కాక ఆ పై వారం, కొలిచిన తూటాతో ఆయన పేల్చాడు. నేను చేతులు రెండూ కోటు జేబుల్లో పెట్టుకుని దూరంగా నిలబడి చూశాను. మా అత్తగారికి మాత్రం ఈ సంగతి చెప్పవద్దని ఆయనే మాట తీసుకున్నాడు. ఆవిడ పోయేదాకా, అమెరికాలో కూడా ఇత్తడి తోమానని గొప్పగా చెప్పుకుంటూనే ఉన్నారు.

ఆ పెద్దాయనా పోయాడు, ఆ పొలంలో ఇప్పుడు ఇళ్లు లేచాయి, అందులో సగం మనవాళ్లవే. మాకిప్పుడు సిటిజన్‌షిప్ ఉంది, ఏ కాగితం కోసమూ భయం లేదు. పక్కింట్లోకి ఎవరో కొత్తవాళ్లు వచ్చి ఏళ్లవుతోంది. వాళ్ల గుమ్మానికీ కెమెరా, మా గుమ్మానికీ కెమెరా, పేర్లు మాత్రం ఒకరివొకరికి తెలియవు. ఏ హక్కూ లేని ఆ రోజుల్లో, నేను పెట్టిన గుర్తు అనుకున్నందుకే కన్ను ఆనించి ట్రిగ్గర్ మీద వేలు పెట్టిన మనిషి మా పక్కింట్లో ఉండేవాడు. కుందులకు బొట్టు పెట్టేటప్పుడు మొన్న కూడా పక్కింటి ఆ వంటింటి కిటికీ వైపే చూశాను.