తెర మీద మా ఇంటి నంబరు

మా చిన్న మేనమామ మొన్న లాలాపేట్ దవాఖానాలో పోయాడు. నాచారంలో ఒకప్పుడు టీవీ ఉన్న ఇళ్లన్నిటికీ ఆయన కేబుల్ అన్న. ఎవరింట్లో భోజనానికి కూర్చున్నా కంచం వైపు కాక టీవీ వైపే చూసేవాడు. బొమ్మ వణికితే అన్నం వదిలేసి మేడెక్కేవాడు.

ఆయన బతుకు అడకత్తెరలో పోకచెక్క. జనం చూసే ఛానెల్ ఒకటి కావాలంటే ఎవరూ చూడనివి నాలుగు కొనమనేవారు ఛానెళ్ల వాళ్లు. ఇంటికింతని కట్టాలి గనక, ఇళ్లెన్నని అడిగితే మామ సగమే చెప్పేవాడు, వాళ్లు రెట్టింపు రాసేవారు. ఇద్దరిదీ అబద్ధమేనని ఇద్దరికీ తెలుసు. చాయ్ తాగి నడుమ ఎక్కడో ఒప్పుకునేవారు. "పైనోడు రేటు పెంచుతడు, కిందోడు లొల్లి జేస్తడు, నడుమ తెగేది మన తీగనే" అని నవ్వేవాడు మామ.

ఆ తర్వాత ఛానెళ్ల వాళ్ల తరఫున చాయ్ ముట్టని కొత్త మేనేజరొకడు వచ్చాడు. అడిగినంతకు సంతకం పెట్టలేదని సరిగ్గా క్రికెట్ ఫైనల్ రోజు పొద్దున సిగ్నల్ ఆపేశాడు. ఉప్పల్ అంతా చేజిక్కించుకున్న పెద్ద కేబుల్ కంపెనీ తీగలు అప్పటికే మా చౌరస్తాలో వేలాడుతున్నాయి. మామ మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"ఇయ్యాల మ్యాచ్ రాకుంటే అందరు ఆ కంపెనీకి పోతరు, నా లైనే పోతది అక్కా" అన్నాడు.

బావమరిది దగ్గర ఊరికే టీవీ చూడటం నామోషీ అని నాన్న సొంతంగా చిన్న డిష్ పెట్టించుకున్నాడు. అమ్మ ఆ డిష్ పెట్టె ఊడదీసి మామ చేతిలో పెట్టింది. మామ దాన్ని తన కంట్రోల్ రూమ్‌లో తగిలించి ఊరంతటికీ మ్యాచ్ పంపాడు.

దొంగతనం పట్టుకోవడానికి ఛానెళ్ల వాళ్లు బొమ్మ ఏ పెట్టెలోంచి వస్తే ఆ పెట్టె నంబరు తెర మీద కాసేపు మెరిపిస్తారు. మామకు అది తెలియక కాదు. ఈ ఒక్కపూట గట్టెక్కితే చాలనుకున్నాడు. మ్యాచ్ నడుమ మా ఇంటి పెట్టె నంబరు నాచారంలో ప్రతి తెర మీదా మెరిసింది.

మర్నాడు మేనేజరు పోలీసులతో మా గుమ్మంలోకొచ్చాడు. నేనే ఇచ్చానని అమ్మ ముందుకొచ్చింది. మామ అడ్డం నిలబడ్డాడు.

"అక్కకేం తెల్వది సార్. ఇంట్ల ఎవ్వరు లేనప్పుడు నేనే ఎత్తుకపోయిన."

అక్క ఇంట్లో దొంగనని నలుగురిలో తానే చెప్పుకున్నాడు. అమ్మ గోడకు ఆనుకుని ఏడ్చింది. కేసు మాఫీ కావాలంటే లైన్ ఆ ఉప్పల్ పెద్ద కంపెనీకి ఇచ్చేయమన్నారు, ఇచ్చేశాడు. తను లాగిన తీగల మీదే దానికి జీతగాడయ్యాడు. నాకిప్పటికీ కోపమే. అది ఎవరి మీద చూపాలో తెలియదు.

దవాఖానాలో చివరి రోజు వార్డు టీవీలో ఛానెల్ ఆగిపోయింది. పక్క మంచం ఆయన విసుక్కున్నాడు. కళ్లు కూడా తెరవలేని మామ మోచేతి మీద లేవబోయాడు.

"జర ఆగుండ్రి. నేను మాట్లాడ్త."

దవాఖానా అంగీకి జేబు లేదు. ఫోన్ కోసం ఆయన చెయ్యి ఛాతీ మీద వెతుకుతూనే ఉంది.